డిమెన్షియా ఉన్న పెద్దవాళ్ళతో యుకులేలే పాటలు: మొదటి రిహార్సల్ నుంచి మంగళం దాకా

డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా తగ్గిపోయే జబ్బు ఉన్న పెద్దవాళ్ళ దగ్గరికి యుకులేలే (చిన్న గిటార్ లాంటి నాలుగు తీగల వాయిద్యం) పట్టుకెళ్ళి పాడటాన్ని కచేరీ అనుకుంటే మొదటి అడుగే తప్పుతుంది. కచేరీలో మనం పాడతాం, వాళ్ళు వింటారు, చివర్లో చప్పట్లు కొడతారు. డిమెన్షియా ఉన్నవాళ్ళ దగ్గర పాడాల్సింది వాళ్ళు. వాళ్ళ గొంతు వచ్చి కూర్చోవడానికి కింద ఒక చిన్న అరుగు వేయడం వరకే మన పని. అందుకే కార్డ్స్ (ఒకేసారి కలిపి మోగించే స్వరాలు) తక్కువ, పాటలు తక్కువ, శ్రుతి తక్కువ, వేగం తక్కువ, మాటలు ఇంకా తక్కువ. బాగా వాయించేవాళ్ళకి ఇలా తగ్గడమే కష్టం. కొత్తగా నేర్చుకున్నవాళ్ళకి ఎలాగూ అంతకుమించి రాదు కాబట్టి వాళ్ళే ఈ పనికి త్వరగా అలవాటు పడతారు.

బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో పేటకొక యుకులేలే గ్రూప్ ఉండటం, వాళ్ళు కేర్ హోమ్స్‌కి వెళ్ళి పాడటం మామూలే. మన దగ్గర పెద్దవాళ్ళకి పాటలంటే వెంటనే భజన బృందమే గుర్తొస్తుంది. ఇప్పుడు మన అపార్ట్‌మెంట్లలోనూ యుకులేలే నేర్చుకునేవాళ్ళు కనిపిస్తున్నారు. మాది హైదరాబాద్‌లో అలాంటి గ్రూపే. ఐటీ ఉద్యోగులు, రిటైరైన బ్యాంకు వాళ్ళు, ఒక స్కూల్ టీచర్ ఉన్నారు. ఇక్కడ రాసేది తెలుగు పెద్దవాళ్ళని, తెలుగు పాటల్ని దృష్టిలో పెట్టుకుని.

పాట ఏం చేస్తుంది, ఏం చేయదు

నిన్న ఏం తిన్నారో చెప్పలేని మనిషి యాభై ఏళ్ళ కిందటి పాట పల్లవి తప్పు లేకుండా పాడేస్తారు. దీని వెనక కొంత శాస్త్రం ఉంది. చాలాకాలంగా తెలిసిన పాటల్ని గుర్తుపట్టే మెదడు భాగాలు అల్జైమర్స్‌లో (డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకం) మిగతా భాగాలంతగా కుంచించుకుపోవని జర్మనీలోని లైప్‌జిగ్ మాక్స్ ప్లాంక్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 2015లో ప్రచురించారు.

అలాగని పాటని మందుగా అమ్మకండి. అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను కలిపి చూసిన కాక్రేన్ అనే వైద్య పరిశోధనల సంస్థ 2018 సమీక్షలో తేలింది ఇది: కనీసం అయిదు సెషన్లు సంగీతంతో చికిత్స చేస్తే దిగులు లక్షణాలు తగ్గే అవకాశం ఉంది, జ్ఞాపకశక్తి మీద మాత్రం పెద్దగా ప్రభావం కనిపించలేదు. కుటుంబం వాళ్ళు "మీరు వచ్చి వెళ్తుంటే అమ్మకి మళ్ళీ అన్నీ గుర్తొస్తాయా?" అని ఆశగా అడుగుతారు. "గుర్తొస్తాయని చెప్పలేమండీ, ఆ కాసేపు హాయిగా ఉంటారు" అనండి. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ చెప్పొద్దు.

1. చోటు చూసుకోవడం

మొదట ఒక్క చోటే ఎంచుకోండి. డిమెన్షియా కేర్ సెంటర్ కావచ్చు, డే కేర్ కావచ్చు, మామూలు వృద్ధాశ్రమం కావచ్చు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే అల్జైమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియా వాళ్ళని అడగొచ్చు. 1992లో కేరళలో మొదలైన ఈ సంస్థకి హైదరాబాద్‌లోనూ శాఖ ఉంది. సీనియర్ సిటిజన్ల కోసం కేంద్రం నడిపే ఎల్డర్‌లైన్ నంబర్ 14567. వృద్ధాశ్రమాల వివరాలు అక్కడ కూడా చెబుతారు.

మొదటిసారి యుకులేలే లేకుండా వెళ్ళండి. ఒక గంట ఊరికే కూర్చుని అక్కడి రోజు ఎలా నడుస్తుందో చూడండి. తర్వాత నర్స్‌నో మేనేజర్‌నో పట్టుకుని ఇవి అడగండి:

- ఎంతమంది ఉన్నారు, ఎవరి మాతృభాష ఏది, ఏ ఊరి వాళ్ళు?
- ఎవరికి వినికిడి తక్కువ, మిషన్ పెట్టుకునేది ఎవరు?
- పెద్ద శబ్దానికి ఉలిక్కిపడేవాళ్ళు, లేచి తిరిగేవాళ్ళు, పడిపోయే ప్రమాదం ఉన్నవాళ్ళు ఎవరు?
- ఈమధ్య ఎవరింట్లోనైనా చావు జరిగిందా? ఏ పాటకైనా, ఏ పేరుకైనా బాధపడేవాళ్ళు ఉన్నారా?

మాతృభాష గురించి కొంచెం గట్టిగా అడగాలి. హైదరాబాద్‌లో నలభై ఏళ్ళు తెలుగు మాట్లాడిన మరాఠీ ఆవిడకి జబ్బు ముదిరేకొద్దీ తెలుగు జారిపోయి మరాఠీ ఒక్కటే మిగలొచ్చు. తర్వాత నేర్చుకున్న భాష ముందు పోవడం చాలామందిలో కనిపించేదే. సెంటర్ రిజిస్టర్‌లో "తెలుగు వచ్చు" అని ఉంటే దాన్నే నమ్ముకుని వెళ్ళకండి.

టైమ్ ఉదయం పదిన్నర, పదకొండు ప్రాంతంలో పెట్టుకోండి. అప్పటికి స్నానాలు, టిఫిన్లు అయిపోతాయి, భోజనం హడావిడి ఇంకా మొదలవదు. సాయంత్రం నాలుగు దాటాక చాలామందిలో ఆందోళన, చికాకు పెరుగుతాయి. ఆ వేళ ఎంత మంచి పాట తీసుకెళ్ళినా గోలగానే వినిపిస్తుంది.

నెలకి రెండుసార్లు, అదే వారం, అదే టైమ్. ఇలా వెళ్ళలేకపోతే నెలకి ఒకసారైనా సరే కానీ మానకుండా వెళ్ళండి. అక్టోబర్ 1న వృద్ధుల దినం రాగానే శాలువాలు, అరటిపళ్ళు, బ్యానర్ పట్టుకుని దిగి, ఫోటోలు తీసుకుని, మళ్ళీ ఏడాదికి గానీ కనిపించని బృందాలున్నాయి. ఆ ఒక్క రోజు మూడు బృందాలు వరసగా వస్తే ఆ పెద్దవాళ్ళు రెండు రోజులపాటు అలసిపోయి ఉంటారు. ఆ రోజు మీరు వెళ్ళకపోవడమే మేలు.

2. మనుషులు, వాయిద్యాలు

గిటార్ ఉండగా యుకులేలే ఎందుకంటే, అది చిన్నది. వాయించేవాళ్ళ ముఖానికి అడ్డు రాదు. మోకాలికి మోకాలు తగిలేంత దగ్గర కూర్చోవచ్చు. నైలాన్ తీగల శబ్దం చెవిలో గుచ్చుకోదు. ఎవరైనా చెయ్యి చాపితే ఒక చేత్తో వాయిద్యం పక్కన పెట్టి రెండో చేత్తో అందుకోవచ్చు. గిటార్‌తో ఇదంతా ఒక తతంగం.

కొనేటప్పుడు ఇరవై మూడు అంగుళాల కాన్సర్ట్ సైజు తీసుకోండి. ఇరవై ఒకటి అంగుళాల సొప్రానో పెద్ద చేతులకి ఇరుకు. ఆన్‌లైన్‌లో రెండు మూడు వేలకి దొరికేది ఈ పనికి సరిపోతుంది. అందరికీ తీగల శ్రుతి చూపించే క్లిప్ ట్యూనర్ తప్పనిసరి.

ఆరుగురు ఉంటే నలుగురే వాయించాలి. ఇద్దరి చేతుల్లో ఏమీ ఉండకూడదు. వాళ్ళు పెద్దవాళ్ళ మధ్యలో కూర్చుని పాడతారు, చెయ్యి పట్టుకుంటారు, లేచినవాళ్ళ వెంట నడుస్తారు, మంచినీళ్ళు అందిస్తారు. మా అభిప్రాయంలో బృందం మొత్తంలో కష్టమైన పని వీళ్ళదే. అందుకే వంతులు వేసుకోవాలి. "నేను వాయించడానికే వచ్చాను" అనేవాళ్ళని అపార్ట్‌మెంట్ సంక్రాంతి ప్రోగ్రామ్‌కి ఉంచుకోండి. పదిమంది దాటితే రెండు గ్రూపులుగా విడిపోవడం నయం.

3. పాటలు ఎంచుకోవడం

లెక్క తేలిక. మనిషికి పదిహేను నుంచి పాతికేళ్ళ మధ్య విన్న పాటలు అన్నిటికన్నా లోతుగా పాతుకుంటాయి. ఇప్పుడు ఎనభై ఏళ్ళ మనిషికి ఆ వయసు 1960 నుంచి 1970 దాకా నడిచింది. కాబట్టి ఆ పదేళ్ళ పాటలు, వాటికి ముందు ఇంట్లో పెద్దవాళ్ళ నోట విన్న పాటలు తీసుకోండి. మీకిష్టమైన 1990ల పాటలు వాళ్ళ పిల్లల పాటలు.

ఆ తరానికి పాట రేడియోలోంచి వచ్చింది. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబర్‌లో మొదలైంది. వివిధ భారతి 1957లో వచ్చింది. హిందీ పాటలు ఇష్టపడేవాళ్ళు రేడియో సిలోన్‌లో 1952లో మొదలైన బినాకా గీత్‌మాలా కోసం వారమంతా ఎదురుచూశారు. హైదరాబాద్ పాతబస్తీ వైపు పెరిగిన తెలుగువాళ్ళకి ఆ హిందీ పాటలే ఎక్కువ దగ్గర. "మీ ఇంట్లో రేడియో ఉండేదా?" అని అడగకండి. "ఆ రోజుల్లో రేడియో ముందు అందరం చేరేవాళ్ళం కదండీ" అని మీరే అనేసి ఊరుకోండి. తలూపేవాళ్ళు ఊపుతారు.

ముసలివాళ్ళకి భజనలే ఇష్టమనుకోవడం మన కుర్రాళ్ళ భ్రమ. ఈ పెద్దవాళ్ళు ఒకప్పుడు నేల టికెట్‌లో ఈలలు వేసినవాళ్ళు, క్లాసులెగ్గొట్టి మ్యాట్నీకి వెళ్ళినవాళ్ళు. భక్తి పాటలు రెండు మూడు ఉంచండి, మిగతావన్నీ సినిమా యుగళగీతాలు, జానపదాలు, బడిలో పాడించిన దేశభక్తి గేయాలు. ప్రేమ పాట మొదలవగానే పక్కావిడని చూసి ముసిముసిగా నవ్వే పెద్దాయన్ని చూశాక మా జాబితాలో భజనలు బాగా తగ్గాయి.

తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన అమ్మలుంటే బతుకమ్మ పాట ఒకటి తప్పక ఉండాలి. ఒకరు చరణం అందుకుంటే మిగతావాళ్ళు "ఉయ్యాలో" అనే వరస అది. చరణం గుర్తులేనివాళ్ళకి కూడా "ఉయ్యాలో" దగ్గర నోరు కదులుతుంది. ఇంతకన్నా తేలికైన పాట ఎవరూ కట్టలేరు. క్రైస్తవ కుటుంబాల వాళ్ళుంటే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెచ్చుకోండి. అందులో చాలా కీర్తనలు వాళ్ళకి నంబర్లతో సహా కంఠతా ఉంటాయి. పాశ్చాత్య బాణీలో ఉన్నవాటికి కార్డ్స్ కూడా ఇట్టే కుదురుతాయి.

కొన్ని పక్కన పెట్టండి. అప్పగింతల పాటలు వద్దు. పుట్టింటి బెంగ వాటిలోనే ఉంది. "మా ఇంటికి తీసుకెళ్ళండి" అని రోజంతా అడిగే మనిషి ముందు ఆ పాట పాడితే ఆ రోజు ఇక ఆయాలకి నరకం. జోల పాటల విషయంలోనూ ముందే కనుక్కోండి. "నా బిడ్డ ఏది?" అని వెతికేవాళ్ళు ఒక్కరున్నా జోల పాట తీసేయండి. విషాద గీతం ఒకటి ఉండొచ్చు, కానీ మధ్యలో ఉండాలి. దాని వెనకే ఒక హుషారైన పాట ఉండాలి.

మొత్తం పది, పన్నెండు పాటలు చాలు. ఒక్కోదానికి పల్లవి, ఒక చరణం, మళ్ళీ పల్లవి రెండుసార్లు. రెండో చరణం ఎవరికీ గుర్తుండదు, మనకే గుర్తుండదు. మధ్యలో వచ్చే బీజీఎం వాయించే సరదా మానుకోండి. ఆ పది సెకన్లలో పాడుతున్న గొంతులు ఆగిపోతాయి, మళ్ళీ ఎత్తుకోవడం వాళ్ళకి కష్టం.

4. శ్రుతి, కార్డ్స్

ఎక్కువ గ్రూపులు ఇక్కడే దెబ్బతింటాయి. పాత సినిమా పాటని యూట్యూబ్‌లో ఉన్న శ్రుతిలోనే నేర్చుకుని వెళ్తే ఎనభై ఏళ్ళ గొంతుకి అది అందదు. రెండో లైన్‌కే మానేస్తారు. మానేసినవాళ్ళు పాట తెలియక మానేశారని మనం అనుకుంటాం.

కొలత ఇలా పెట్టుకోండి. ఆడవాళ్ళు పాడే పాటలో అన్నిటికన్నా పై స్వరం యుకులేలేలో అన్నిటికన్నా కింద ఉండే ఎ తీగ మీద మూడో ఫ్రెట్ (వాయిద్యం మెడ మీద అడ్డంగా ఉండే గీత) దాటకూడదు. దాటితే పాట మొత్తాన్ని కిందికి దింపండి. కాపో, అంటే మెడ మీద బిగించే క్లిప్పు, ఇందుకు పనికిరాదు, అది శ్రుతిని పెంచుతుందే తప్ప దించదు. కార్డ్స్ మార్చుకోవాల్సిందే. ఉదాహరణకి ఎఫ్ శ్రుతిలో నేర్చుకున్న పాటని సి శ్రుతికి తెస్తే ఎఫ్, బి ఫ్లాట్, సి7 స్థానంలో సి, ఎఫ్, జి7 వస్తాయి. వేళ్ళకి కూడా సుఖం.

యుకులేలే మన పాటలకి ఎంత బాగా కుదురుతుందో చాలామంది గమనించరు. మామూలు ట్యూనింగ్‌లో నాలుగు తీగలు జి, సి, ఇ, ఎ. సి ని షడ్జమం అనుకోండి, అంటే మనవాళ్ళు ఒకటో శ్రుతి అనేది. అప్పుడు ఈ నాలుగు తీగలు ప, స, గ, ద అవుతాయి. మోహన రాగంలోని అయిదు స్వరాల్లో నాలుగు, ఏ వేలూ నొక్కకుండానే మోగుతున్నాయి. మిగిలిన రిషభం సి తీగ మీద రెండో ఫ్రెట్‌లో దొరుకుతుంది. కాబట్టి మోహనలో ఉన్న పాటకి ఖాళీ తీగల మీద ఊరికే చెయ్యి ఆడించినా అపస్వరం రాదు. మోహనలో కట్టిన సినిమా పాటలకి మనకి కొదవ లేదు. 1957 నాటి మాయాబజార్‌లోని పడవ పాట ఒక్కటి చాలు.

దీనివల్ల ఇంకో లాభం ఉంది. ఒక పెద్దావిడ చేతికి యుకులేలే ఇచ్చి, "ఇలా నిమరండమ్మా" అంటే ఆవిడ ఎలా నిమిరినా పాటలో కలిసిపోతుంది. అందుకని మోహన పాట ఒకటి ఎప్పుడూ జాబితాలో ఉంచండి, ఇంకో యుకులేలే అదనంగా తీసుకెళ్ళండి.

మోహన పాటలకి సి, ఎ మైనర్ రెండే చాలు. ఎఫ్, జి7 వేయకండి. మోహనలో మధ్యమం, నిషాదం లేవు. ఎఫ్‌లో మధ్యమం ఉంది, జి7లో రెండూ ఉన్నాయి. శంకరాభరణం ఛాయలో ఉన్న పాటలకి, బడి గేయాలకి, క్రైస్తవ కీర్తనలకి సి, ఎఫ్, జి7 హాయిగా నడుస్తాయి. గమకాలు ఎక్కువగా ఉన్న కీర్తనలకి, పద్యాలకి కార్డ్స్ వేయాలని చూడకండి, రెంటికీ పొసగదు. పై రెండు తీగలు, అంటే జి, సి, ఒకదాని తర్వాత ఒకటి మెల్లగా మీటుతూ ఉండండి. అది ప, స. తంబురా పని అదే చేసేస్తుంది. పంచమం లేని హిందోళం లాంటి రాగానికి మాత్రం సి తీగ ఒక్కటే మీటండి.

చెయ్యి కిందికి మాత్రమే కొట్టండి. ఎనిమిది అక్షరాల ఆదితాళానికి నాలుగు దెబ్బలు, మూడు లెక్కల నడకకి మొదటి దెబ్బ బరువుగా, మిగతా రెండూ తేలిగ్గా. అంతకన్నా హంగులు వద్దు.

5. రిహార్సల్

వారానికి ఒకరోజు, గంటన్నర. పాటలు నేర్చుకోవడానికి సగం టైమ్ చాలు. మిగతా సగం వేరే పనులు అలవాటు చేసుకోవాలి. కాగితం చూడకుండా వాయించాలి, ఎందుకంటే అక్కడ కళ్ళు ముఖాల మీద ఉండాలి. లీడర్ తలూపగానే పల్లవి మళ్ళీ ఎత్తుకోవాలి. పాట మధ్యలో ఎక్కడైనా ఆగగలగాలి, ఎక్కడి నుంచైనా మొదలుపెట్టగలగాలి.

ఒక ఆట ఆడండి. ఒకరు పెద్దాయన పాత్రలో కూర్చుని తోచిన శ్రుతిలో, తోచిన వేగంతో పాట మొదలుపెడతారు. మిగతావాళ్ళు ఆ శ్రుతిని పట్టుకోవాలి. దొరక్కపోతే తీగల మీద అరచెయ్యి ఆనించి చప్పుడు చేయకుండా తాళం మాత్రం వేయాలి. అసలు సందర్భంలో అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడేది ఇదే.

6. గది

టీవీ ఆపించండి. మ్యూట్ చేస్తే చాలదు, కదిలే బొమ్మలు కూడా దృష్టి లాగేస్తాయి. మీరు కిటికీకి వీపు పెట్టి కూర్చోకండి, వెనక వెలుగుంటే మీ ముఖం నల్లగా కనబడుతుంది. నిలబడి వాయించొద్దు. కుర్చీలు అర్ధచంద్రాకారంలో వేసి, వీల్‌చెయిర్ దూరేంత ఖాళీ రెండు చోట్ల వదలండి. కింద నల్ల తివాచీ గానీ నల్ల గుడ్డ గానీ పరవకండి. డిమెన్షియాలో చూపు తీరు మారుతుంది కాబట్టి అది గొయ్యిలా కనబడి అడుగు వేయడానికి జంకుతారు. యుకులేలే సంచులు, చెప్పులు, ఫోన్ చార్జర్ వైర్లు నేల మీద ఉండకూడదు.

మైక్ వద్దు. కూతపెట్టిందంటే గదంతా బెదిరిపోతుంది. ట్యూనింగ్ లోపల చేయకండి. పది నిమిషాలపాటు నలుగురు తలో తీగ టంగ్ టంగ్ అనిపిస్తుంటే మనకే విసుగు. బయటే చేసుకోండి, ఏసీ కారులోంచి ఎండలోకి దిగాక కాసేపు ఆగి చేసుకోండి, ఆ తేడాకి తీగలు మారతాయి. జలుబు, దగ్గు ఉన్నవాళ్ళు ఆ రోజు రావద్దు, వాళ్ళు లీడరైనా సరే.

7. ఆ నలభై నిమిషాలు

రాగానే వాయించడం మొదలుపెట్టకండి. ఒక్కొక్కరి దగ్గరికి వెళ్ళి, ఎదురుగా వంగి, నమస్కారం పెట్టి, "పాటలు పాడుకుందామని వచ్చామండీ" అని చెప్పండి. మనవాళ్ళకి ఒక అలవాటుంది. పెద్దవాళ్ళ ముందు నిలబడి "నేనెవరో చెప్పండి చూద్దాం!" అంటాం. ప్రేమగానే అంటాం, కానీ వాళ్ళకి అది పరీక్ష. తప్పుతారని అందరికీ తెలిసిన పరీక్ష. "పోయినసారి వచ్చాం, గుర్తుందా?" కూడా అదే. రెండూ మానేయండి.

పిలుపు దగ్గర కూడా జాగ్రత్త. తను పాతికేళ్ళ కోడలిననే అనుకుంటున్న ఆవిడని "బామ్మగారూ" అంటే ఎవరినో పిలిచారనుకుని పక్కకి చూస్తుంది. "అమ్మా" ఏ వయసుకైనా సరిపోతుంది. టీచర్‌గా చేసినవాళ్ళని "మాస్టారూ" అనండి, వీపు నిటారుగా అవుతుంది.

మొదటి పాట ప్రతిసారీ అదే ఉండాలి. నాలుగుసార్లు వెళ్ళాక, మీ ముఖాలు గుర్తులేకపోయినా ఆ పాట రాగానే కొందరు సర్దుకుని కూర్చుంటారు. రెండు వరసలు తీగలు మాత్రమే వాయించి, తర్వాత రాగం హమ్ చేసి, అప్పుడు మాటలు ఎత్తుకోండి. పాట ఏదో పోల్చుకోవడానికి వాళ్ళకి ఆ టైమ్ కావాలి. పల్లవి చివరి మాట దగ్గర మీరు ఆగి చూడండి. ఒక్క గొంతు ఆ మాట పూరించినా చాలు. ఎవరూ పూరించకపోతే రెండు క్షణాలు చూసి మీరే అనేసి ముందుకి వెళ్ళండి. "చెప్పండి, చెప్పండి" అని ఒత్తిడి చేయొద్దు.

నోటితో పాడకపోవడం అంటే పాల్గొనకపోవడం కాదు. కళ్ళు మూసుకునే ఉన్న ఒకావిడ చీర అంచు కింద బొటనవేలు తాళం వేస్తూ ఉంటుంది. మేం మొదట్లో నిద్రపోతోందనుకున్నాం, పక్కన కూర్చున్న సభ్యురాలు చూపిస్తేగానీ తెలియలేదు. పక్కన మనుషులుండాలని అన్నది ఇందుకే.

పాటల కాగితాలు ఇవ్వాలనుకుంటే ఒక కాగితానికి ఒకే పల్లవి, ఇరవై నాలుగు పాయింట్లకి తగ్గని అక్షరాలు, వెనకవైపు ఖాళీ. కొందరు బాగా చదువుతారు. కొందరు విసనకర్రలా ఊపుకుంటారు, అదీ మంచిదే. గిలక్కాయలు, చిడతలు ఇచ్చేటప్పుడు నోట్లో పెట్టుకునేంత చిన్నవి, ఊడిపోయే భాగాలున్నవి వద్దు. కంచు తాళాలు అసలే వద్దు.

మీరు అనుకున్న వరస తప్పుతుంది, తప్పనివ్వండి. మా దగ్గర ఒక పెద్దాయన ఉన్నారు. యౌవనంలో నాటకాల పిచ్చి ఉన్న మనిషి. మేం ఏదో సినిమా పాటలో ఉండగా చెయ్యి పైకెత్తి పౌరాణిక నాటక పద్యం అందుకుంటారు. పాట ఆపేసి రెండు తీగల మీదకి వెళ్ళిపోతాం. పద్యం అయ్యాక రాగం తీస్తారు, ఊపిరి ఉన్నంతసేపూ తీస్తారు. అయిపోయిన రెండు నిమిషాలకి పాడిన సంగతి మరిచిపోయి మళ్ళీ అదే పద్యం మొదలుపెడతారు. మొదట్లో ఇబ్బందిగా చూసుకునేవాళ్ళం. ఇప్పుడు ఆయన మళ్ళీ చెయ్యి ఎత్తగానే ఎవరో ఒకరు "వన్స్ మోర్!" అని అరుస్తారు. నాటకాల్లో పద్యానికి వన్స్ మోర్ పడటం కన్నా గౌరవం ఏముంటుంది! ఆయన మీసం మీద చెయ్యి వేస్తారు. అలా ఒక్క పద్యమే పావుగంట నడిచిన రోజులున్నాయి.

మంగళం పాడితే అయిపోయినట్టని తెలుగువాళ్ళకి చిన్నప్పటి నుంచి ఒంట్లో ఉంటుంది. కాబట్టి చివరి పాటగా మంగళం పెట్టండి. చేతులు వాటంతటవే జోడిస్తారు. మనం ఎందుకు లేచిపోతున్నామన్న గాబరా ఉండదు. హారతి మాత్రం వెలిగించకండి, నిప్పు వద్దు. హిందువులు కానివాళ్ళు ఎక్కువగా ఉన్నచోట అందరికీ తెలిసిన దేశభక్తి గేయం ఏదైనా ఆ స్థానంలో స్థిరంగా ఉంచుకోవచ్చు. మంగళం అయ్యాక మళ్ళీ "ఇంకో పాట" అని మొదలుపెట్టొద్దు, అది వాళ్ళని తికమక పెడుతుంది.

8. మధ్యలో వచ్చే చిక్కులు

ఎవరైనా ఏడిస్తే బృందమంతా ఆగిపోకండి. ఆ క్షణం నుంచి గది మొత్తం ఆవిడనే చూస్తుంది. పాట సాగుతుండగా పక్కన ఉన్న మనిషి చెయ్యి పట్టుకుంటే చాలు. పాట వింటూ వచ్చే కన్నీళ్ళన్నీ బాధవి కావు. ముఖంలో భయం, చేతుల్లో వణుకు కనబడితే మాత్రం ఆయాతో కలిసి మెల్లగా బయటికి తీసుకెళ్ళాలి.

"ఇక ఆపండి!" అని కేక వేసేవాళ్ళు ఉంటారు. వాళ్ళు చెప్పింది నిజమే కావచ్చు, శబ్దం ఎక్కువైందేమో చూడండి. ఇద్దరు వాయించడం ఆపేసి ఒక్క యుకులేలే ఉంచండి. అయినా చికాకు తగ్గకపోతే ఆయన వెళ్ళడానికి దారి వదలండి, బతిమాలి కూర్చోబెట్టొద్దు.

లేచి చిందేసేవాళ్ళ పక్కన ఒకరు ఉండాలి, పట్టుకోనక్కర్లేదు, అందేంత దూరంలో ఉంటే చాలు. "మా ఇంటికెళ్ళాలి" అంటే "ఇదే మీ ఇల్లు" అని వాదించకండి. "ఎక్కడండీ మీ ఊరు?" అంటే తెనాలో, సిరిసిల్లో చెబుతారు, ఆ ఊరి కబురులో బెంగ కాస్త పక్కకి పోతుంది. జేబులు తడుముకుని మీకు డబ్బులివ్వబోయే పెద్దమనిషిని "వద్దు వద్దు" అని చిన్నబుచ్చకండి. "టికెట్ మీకు ముందే తీశారండీ" అంటే తృప్తిగా కూర్చుంటారు. అబద్ధమే, పర్లేదు.

9. అయిపోయాక

వెంటనే సర్దుకుని వెళ్ళిపోకండి. పది నిమిషాలు టీ తాగుతూ కూర్చోండి. హుషారు ఎక్కిన మనుషుల్ని అలా వదిలేస్తే భోజనం దగ్గర ఆ బరువంతా ఆయాల మీద పడుతుంది. ఎవరికి ఏ పాట పనిచేసిందో ఆయాలకి చెప్పండి, వాళ్ళు గమనించింది అడగండి. స్నానం చేయించేటప్పుడు, బట్టలు మార్చేటప్పుడు గింజుకునే మనిషి తనకిష్టమైన పాట ఆయా నోట వింటే చాలాసార్లు నెమ్మదిస్తారు. ఆ ఒక్క పాట ఆయాకి నేర్పి వచ్చినా మీ ఉదయం వృథా కానట్టే.

ఫోటోలు, రీల్స్ విషయంలో మా నియమం కఠినం. ముఖాలు కనబడేవి తీయం. కుటుంబం సరేనన్నా, కెమెరా చూసి ఆ మనిషి ముఖం తిప్పుకుంటే అంతే. వాట్సాప్ స్టేటస్‌లో పేర్లు పెట్టి "ఈరోజు ఫలానా మామ్మగారితో" అని రాయడం కూడా వద్దు.

ఒక నోట్‌బుక్ పెట్టుకుని ఆ రోజే రాసేయండి: ఏ పాటకి ఎవరు కదిలారు, ఏది ఎత్తుగా అనిపించింది, ఎవరు ఏ ఊరు అన్నారు, ఏ పాట అడిగితే మనకి రాలేదు. వచ్చేవారం రిహార్సల్ ఈ చివరి దానితోనే మొదలవ్వాలి.

10. ఇంట్లో, వీడియో కాల్‌లో

సెంటర్‌కి వెళ్ళే వీలు లేక, ఇంట్లో అమ్మనో నాన్ననో చూసుకుంటున్నవాళ్ళకి ఒక్క యుకులేలే చాలు. పది నిమిషాలు, రెండు పాటలు, రోజూ ఒకే వేళ. మందులు వేయడానికి ముందో, సాయంత్రం చికాకు మొదలవకముందో పెట్టుకోండి.

అమెరికాలోనో లండన్‌లోనో ఉండి వీడియో కాల్‌లో పాడాలనుకునేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. కాల్‌లో ఇద్దరి గొంతులూ ఒకేసారి కలవవు, ఎప్పుడూ కొంత ఆలస్యం ఉంటుంది. అమ్మ గొంతు వెనకబడినట్టు వినిపించి మీరు వేగం తగ్గిస్తే, ఆవిడకి మీ పాట ఇంకా వెనకబడి వినిపిస్తుంది. రెండు లైన్లకే పాట చెదిరిపోతుంది. మీ వైపు స్పీకర్ సౌండ్ తగ్గించుకుని, తాళం మీదే దృష్టి పెట్టి, సమంగా వాయిస్తూ పోండి. అక్కడ ఆవిడకి అన్నీ సరిగ్గానే కలుస్తాయి. జూమ్‌లో యుకులేలే శబ్దాన్ని గోల అనుకుని యాప్ కత్తిరించేస్తుంది కాబట్టి ఆడియో సెట్టింగ్స్‌లో సంగీతకారుల కోసం ఉన్న ఒరిజినల్ సౌండ్ ముందే ఆన్ చేసుకోండి. ఫోన్‌ని అమ్మ చేతికివ్వకుండా ఎదురుగా ఏదైనా స్టాండుకి ఆనించి పెట్టమని ఇంట్లోవాళ్ళకి చెప్పండి. చేతులు ఖాళీగా ఉంటేనే తాళం వేస్తారు.